నాలుగున్నర తిప్పులు

తీర్మానాల పుస్తకంలో చివరి పేజీ మిగిలింది.
కార్యదర్శి నాగశైలజ
"ఏకగ్రీవంగా" అని ఇంటి దగ్గరే రాసుకొచ్చింది.
ఏడో వార్డు మెంబర్ని, చెయ్యెత్తాను.
ఒప్పుకోడానికి కాదమ్మా, అడగడానికి అన్నాను.
సర్పంచి గారు ఫ్యాను వంక చూశారు.

ఆస్తుల జాబితా చదివారు:
బోర్లు మూడు, మంచినీళ్ల ట్యాంకు ఒకటి,
వీధి దీపాలు రెండొందల పద్నాలుగు,
వెలిగేవీ వెలగనివీ కలిపి.
చెత్త ట్రాక్టరు. శ్మశానంలో రేకుల షెడ్డు.
సైకిలు ఒకటి, సీటు లేదు.
ఇవన్నీ ఊరితో సహా
బెజవాడ కార్పొరేషనుకు అప్పగించడమైనది.

మస్తాన్‌వలీ ఏ గడిలోనూ లేడు.
పంతొమ్మిదేళ్లుగా నీళ్లు వదిలేవాడు.
మూడో వీధి వాల్వు నాలుగున్నర తిప్పులు.
ఐదు తిప్పితే కోటమ్మ గుమ్మం ముందు జాయింటు ఊడుద్ది,
నాలుగే తిప్పితే చివరి పదకొండిళ్ల కుళాయిల్లో
గాలి దగ్గుద్ది.
ఆ అర తిప్పు ఏ రిజిస్టరులోనూ రాసి లేదు,
అతని మణికట్టులో ఉంది.

అలాగని పొలిమేరకి గోడ కట్టే మనిషిని కాను.
పక్క పంచాయతీకీ మాకూ నడుమ మురుక్కాలవ,
సగం మాది, సగం వాళ్లది,
దోమలు మాత్రం ఉమ్మడి.
తూము ఎవరు బాగుచెయ్యాలో తేలక
పదకొండేళ్లు ఉత్తరాలు రాసుకున్నాం.
పూడికకి రాయడం రాదు, పెరగడం వచ్చు.
బుడమేరు పొంగిన రాత్రి
ఏ సరిహద్దు రాయి దగ్గరా నీళ్లు ఆగి
ఇది ఎవరి పంచాయతీ అని అడగలేదు.
మెడలోతులో బియ్యం మూట నెత్తినెట్టుకుని
నేనే అన్నాను,
ఇంత నీటికి మన ఊరు చాలదని.
ఆ మాట మీదే ఉన్నాను ఇప్పటికీ.

కానీ శైలజా, ఇదీ రాయి:
చాలకపోవడం వేరు, లేకపోవడం వేరు.

జీవో వచ్చిన సాయంత్రం
వెంచరు బ్రోకరు వీధివీధికీ బూందీ పంచాడు.
ఉపాధి కార్డులు ఇక చెల్లవని
మా పేటలో అదే రాత్రి తెలిసింది.
గడ్డపార కాయలు కాసిన చేతులు
ఒక్క సంతకంతో పట్నం చేతులైపోతాయా?
మరియమ్మ రేకులింటికి పట్నం పన్ను,
ఇంటి ముందు బురద మాత్రం పాతదే.

ఇన్నాళ్లూ లైటు పోతే నా అరుగు మీద కూర్చుని
నన్ను తిట్టేవాళ్లు.
ఒకసారి అన్నం ముందు నుంచి లేచొచ్చాను.
పరిపాలన గురించి నాకు తెలిసిందంతా అదే,
తిడితే వినపడే దూరంలో ఉండడం.
రేపు మా ఊరూ, ఇంకో నాలుగూళ్లూ, రెండు కాలనీలూ
ఒకే డివిజను, ఒకే నంబరు.
తిట్టడానికి రెండాటోలు మారాలి,
వెళ్లాక సారు మీటింగులో ఉంటారు.

"అమ్మా, కలిస్తే కృష్ణ నీళ్లొస్తాయి" అన్నారు సర్పంచి.
ఆయన మాట తీసెయ్యను.
బోరు నీళ్లకి మా పిల్లల పళ్లు పచ్చబడ్డాయి.
నీళ్లు రానివ్వండి,
వాల్వు తాళం మాత్రం ఊళ్లో ఉంచమని అడగండి,
అడిగినట్టు రాయండి.

శైలజ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.
తర్వాత స్కేలు పెట్టి
"ఏకగ్రీవంగా" మీద ఒక గీత గీసింది,
నా మాట రెండు లైన్లలో ఇరికించింది.
పేజీ అయిపోయింది.
నా సంతకం అంచు మీద పడింది.

మర్నాడు తెల్లారి ఐదింటికి
పంచాయతీ లేదు, కార్పొరేషను ఇంకా రాలేదు.
మస్తాన్‌వలీ వచ్చాడు.
ఎవరు రమ్మన్నారయ్యా అన్నాను.
"బిందెలు పెట్టేశారుగా" అని
గుంటలోకి వంగాడు.
ఒకటి. రెండు. మూడు. నాలుగు.
కాస్త ఆగి,
చెవి పైపుకి ఆనించి